లాకు వంతెన మీద రెండో గేరు

ఐ.పోలవరం నుంచి రావులపాలెం వెళ్ళే దారిలో కాలవ నీళ్ళు ఆపే లాకు మీది పాత వంతెనకి చెడ్డపేరు ఉండేది. అర్ధరాత్రి దాటాక అక్కడ గేరు దానంతటదే జారిపోతుందట. అన్ని బళ్ళకీ కాదు... భీమరాజుగారి చేపల వ్యానుకే!

ఈ సంగతి ఎనభై మూడు నాటిది. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

అంతకు రెండేళ్ళ ముందు ఆ వ్యాను పెట్రోలు బండి. డ్రైవరు సీమోను. ఆయన గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాడికి కూడా తెలిసేది కాదు. ఒక రాత్రి వంతెన దిగుతూ, దీపం లేని ఎడ్లబండిని తప్పించబోయి, వ్యానుతో సహా కాలవలో పడి చనిపోయాడు. ఎడ్లబండి తోలేవాడికి గీత కూడా పడలేదు.

వ్యాను పైకి తీశారు గాని ఇంజను నీళ్ళు తాగేసింది. డీజిలు చవక కదా అని భీమరాజుగారు పాత డీజిలు ఇంజను ఒకటి తెచ్చి బిగించారు. ఇక చూడండి — ఎక్కి కూర్చుంటే పళ్ళు కదిలే ఊపు, పక్క ఊరికి వినబడే చప్పుడు! రెండో గేరు వేస్తే కిర్రుమని ఏడుపు.

అప్పటినుంచే వంతెన దిగుడులో మూడో గేరు టక్కున ఊడి న్యూట్రల్‌కి వచ్చేసేది.

"సీమోనుకి డీజిలు గిట్టదు. గేరు లాగేస్తన్నాడు" అని టీకొట్టు దగ్గర తీర్పు కూడా అయిపోయింది.

ఇప్పటి డ్రైవరు వరప్రసాదం, సీమోను దగ్గర పని నేర్చుకున్నవాడే. బాబాయ్ అని పిలిచేవాడు. గేరు జారినప్పుడల్లా బండి పక్కకి ఆపి, భయం తగ్గేదాకా కూర్చునేవాడు. అలా రెండుసార్లు రావులపాలెంలో చేపలు ఎక్కించాల్సిన లారీ తప్పిపోయింది. ఐసు కరిగి చేపలు కుళ్ళాయి.

"ఇంకోసారి లారీ తప్పితే తాళాలిచ్చేసి ఎల్లిపో" అన్నారు భీమరాజుగారు.

వరప్రసాదం అమలాపురం మెకానిక్కు రామ్మూర్తి దగ్గరికి పరుగెత్తాడు.

"వంతెన మీద ఏం చేస్తావు?" అని అడిగాడు రామ్మూర్తి.

"ఏముందండి... బాబాయికి దణ్ణం పెట్టుకుంటానండి. ఏక్సిలేటరు మీద కాలు తీసి, గేరు మీద చెయ్యి తీసి, నుదుటికి..."

రామ్మూర్తి పకపకా నవ్వాడు.

"దెయ్యం నువ్వేనయ్యా! పెట్రోలు ఇంజను కాలు తీస్తే మెత్తగా తగ్గుద్ది. డీజిలు బండంతా కుదిపేస్తది. ఇంజను మారింది గాని గేరుబాక్సు పాతదే. గేరుని పట్టి ఉంచే స్ప్రింగు అరిగిపోయింది. పైన నీ చెయ్యి కూడా లేకపోతే జారక ఏం చేస్తది? కొత్త స్ప్రింగు వచ్చేదాకా దణ్ణం మానెయ్యి. చెయ్యి తియ్యకు."

"ఆయ్" అన్నాడు వరప్రసాదం.

భయం పోయింది. దానితోపాటు బాబాయి కూడా నిజంగా పోయినట్టు అనిపించి మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి వ్యాను వెనక చేపల గంపలు. ముందు సీట్లో ఆ గంపల వెంట వెళ్ళే సలోమి — సీమోను భార్య.

"మీ బాబాయి బండిని ఏడిపించే మనిషి కాదురా" అంది మెల్లిగా.

"తెలిసింది పిన్నీ... స్ప్రింగంట."

వంతెన వచ్చింది. కాలు తియ్యలేదు. చెయ్యి తియ్యలేదు. ఎక్కారు... దిగుడు మొదలైంది... గేరు కదల్లేదు!

వరప్రసాదం నవ్వబోయాడు —

లైట్ల వెలుగులో రెండు కళ్ళు. ఎద్దు కళ్ళు! దారికి అడ్డంగా, దీపం లేని ఎడ్లబండి.

రెండు చేతులూ స్టీరింగు మీద పడ్డాయి. రెండు కాళ్ళూ బ్రేకునీ క్లచ్చునీ తొక్కేశాయి. బండి విసురుగా తిరిగింది... కింద కాలవ నీళ్ళు తళుక్కుమన్నాయి... అంతలో చక్రాలు నేలని పట్టుకున్నాయి. జానెడు ఎడంలో ఎడ్లబండిని దాటి, వ్యాను మెల్లిగా రోడ్డెక్కింది.

వరప్రసాదం ఎడమ చెయ్యి గేరుకోసం తడుముకుంది. మూడులో ఉండాల్సిన గేరు...

రెండులో ఉంది.

"పిన్నీ... గేరు నేను మార్చేనా?"

సలోమి ఆ గేరు కర్రనే చూస్తోంది.

"నీ రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయిరా." గొంతు తగ్గించి అంది. "చప్పుడు కూడా అవలేదు..."

ఆ రాత్రి లారీ అందింది. తాళాలు వరప్రసాదం జేబులోనే ఉన్నాయి.

"కంగారులో నువ్వే మార్చుంటావు" అని రామ్మూర్తి కొట్టిపారేసి, కొత్త స్ప్రింగు వేశాడు. మూడో గేరు మళ్ళీ జారలేదు. రెండోది మాత్రం వరప్రసాదం చేతిలో చివరిదాకా కిర్రుమంటూనే ఉంది.

వంతెన దిగుడు మొదలవగానే అతను గేరు మీద చెయ్యి ఒక్క క్షణం తీసేవాడట. దణ్ణానికి కాదు.

బాబాయికి చోటుండాలి కదా!