చేటలో పడిన మాటలు

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో నరమానవుడు లేడు. బయట ముసురు పట్టి, మధ్యాహ్నమే సందెవేళలా ఉంది. అనువాదకురాలు లైట్లన్నీ వేసుకుని ఒక్కతే కూర్చుంది. ఇంట్లో అయితే పని సాగదు. అక్కడ అత్తగారి మంచం, మందుల వాసన, ఆ గొట్టం.

ఆ గొట్టం కోసమే ఈ పని ఒప్పుకుంది. పక్షవాతం వచ్చి అత్తగారికి మాట పడిపోయింది, మింగడం కూడా పోయింది. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం గుండా ఒక చిన్న యంత్రం పాలలాంటి ఆహారం పంపుతుంది. దాని తెర మీద వచ్చేవన్నీ పరాయి భాష మాటలు. అది పీప్‌మన్నప్పుడల్లా ముసలావిడ కళ్ళు బెదురుగా అటు తిరుగుతాయి. ఆ యంత్రానికి తెలుగు నేర్పే పని తన చేతికే రావడంతో కోడలు ఎగిరి గంతేసింది. సోమవారానికి ఇస్తే మొదట అత్తగారి యంత్రంలోనే పెడతామన్నారు.

మంచాన పడకముందు ఆవిడ నోటికి హద్దూ అదుపూ ఉండేది కాదు. "ఏం మహారాణీ, కూరలో ఉప్పు వెయ్యడానికి ఇవాళ ముహూర్తం కుదరలేదా?" అనేది. ఆ పేరుతో పిలిచేది ఆవిడొక్కతే, అదీ వంటింట్లోనే. అప్పుడు కోడలికి ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట వినాలని చెవి కోసుకుంటోంది. అయినా గొట్టం కడిగేటప్పుడు, లోపల అంటుకున్న జిగట వేళ్ళకు తగిలితే చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఎంత ప్రేమైనా అసహ్యం అసహ్యమే.

ప్రోగ్రాం రాసేవాళ్ళు మనుషులు చదవాల్సిన ప్రతి వాక్యానికీ ఒక గుర్తు పెడతారు. కంప్యూటర్ నల్ల తెర మీద కమాండ్ కొడితే, ఒక సాధనం ఫోల్డర్లన్నీ చెరిగి, గుర్తున్న వాక్యాలను ఏరి ఒక ఫైల్లో పోస్తుంది. ఒక్కోటీ ఎక్కడ దొరికిందో కూడా పక్కనే రాస్తుంది. ఆఫీసులో దాని ముద్దుపేరు చేట.

చేటను నడిపే ప్రోగ్రామరును అందరూ తాతయ్య అంటారు. పాపం, నలభై కూడా లేవు. ముసలివాడిలా మాటిమాటికీ జేబురుమాలుతో నాలుక తుడుచుకుంటాడు. ఎవరి ఎదుటా ముద్ద నోట పెట్టడు. ఆ తుడుపు చూస్తే పక్కవాళ్ళకు అన్నం సహించదు.

ఆయన రాసిన కమాండులో, 'పాతవి' అనే ఫోల్డరును వదిలెయ్యమని ఉంది. అందులో వాక్యాలేవైనా మిగిలిపోతే తెర మీద సగం తెలుగు, సగం పరాయి భాష వస్తాయి. ఇదివరకోసారి అలాగే అయ్యి, తిట్లు ఈమే తింది. ఎందుకైనా మంచిదని ఫోన్ చేసింది.

"అందులో ఏమీ లేదమ్మా, ఖాళీ ఫోల్డరు," అన్నాడాయన. రుమాలు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అయినా చేటకు దాన్ని చూపించకు."

"ఖాళీదైతే చూపిస్తే ఏం పోయిందండీ?"

"చూపించకు." గొంతు బాగా తగ్గించాడు. "పొరపాటున చూపించినా... వచ్చినవాటిని పైకి చదవకు."

ఎందుకని అడిగేలోపే పెట్టేశాడు. బద్ధకానికి వంకలెక్కువ అనుకుని, ఆ ఫోల్డరును వదలమన్న ముక్క చెరిపేసి కమాండ్ కొట్టింది.

వాక్యాలు బుద్ధిగా వచ్చాయి. 'సంచి ఖాళీ అయింది' అని రాసి పైకి చదువుకుంది. 'గొట్టం మూసుకుపోయింది' అని రాసి అదీ చదువుకుంది. నాలుక తడబడితే వాక్యం మార్చాలి. ఆమె పనిచేసే పద్ధతే అది.

ఫైలు అడుగున మాత్రం కొన్ని వాక్యాలు ముందే తెలుగులో ఉన్నాయి. ఆ ప్రోగ్రాంలో ఇంతవరకూ ఎవరూ తెలుగు అక్షరం రాయలేదు. ఎక్కడ దొరికాయో చెప్పే చోటు ఖాళీగా ఉంది.

'గొట్టంలో వచ్చేది పాలు కాదు.'

అలవాటు కొద్దీ పైకే చదివేసింది. నోరంతా పులిసిపోయింది. విరిగి, రోజుల తరబడి మూతపెట్టి ఉంచిన పాల రుచి... చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక చదవకూడదు అనుకుంటూనే ఉంది, పెదాలు వాటంతటవే కదిలాయి.

'ఎవరో నమిలి ఉమ్మినది నాకు పెడుతున్నారు.'

గదిలో ఎక్కడో నములుతున్న చప్పుడు. తడిగా... తీరిగ్గా... వాన చప్పుడు కాదది. ఆరని గుడ్డ కంపు కొట్టింది.

'వెంట్రుకలు నాలుకకు చుట్టుకుంటున్నాయి.'

నాలుక మీద ఏదో తగిలింది. వేళ్ళు పెట్టి లాగింది. నెరిసిన వెంట్రుక. లాగేకొద్దీ వస్తోంది... గొంతు లోపల్నుంచి వస్తోంది. చెత్తబుట్ట మీదికి వంగి కక్కుకుంది. కళ్ళు తుడుచుకుని తలెత్తితే, తెర మీద చివరి వాక్యం కనిపించింది.

'మహారాణీ, మింగకు.'

ఇది మాత్రం చదవలేదు. గొడుగు కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

భర్త తలుపు తీసేసరికి ఆమె ఒళ్ళంతా నీళ్ళు. నేరుగా పోయి యంత్రం ఆపేసింది. సంచి వాసన చూసింది. పాలు బాగానే ఉన్నాయి. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసింది. శుభ్రంగా ఉంది. అత్తగారు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ప్రాణం లేచొచ్చి, మంచం పక్కనే కూలబడింది. మింగొద్దన్నది ఈ పాల గురించే అయుంటుంది, వేళకు ఆపేశాననుకుంది.

"వణికిపోతున్నావు. ముందు ఈ నీళ్ళు తాగు," అన్నాడు భర్త.

నోరు ఇంకా కంపు కొడుతూనే ఉంది. గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

అత్తగారి పెదాలు కదిలాయి.

"మ...హా...రాణీ..."

భర్త ఒక్క అంగలో మంచం దగ్గరికి వచ్చాడు.

"మింగకు..."

గుటక అప్పటికే దిగిపోయింది. గ్లాసు అడుగున మిగిలిన నీళ్ళు తేటగానే ఉన్నాయి. కానీ గొంతులో ఏదో మెత్తగా, వెచ్చగా... ఆమె చున్నీ అంచుతో నాలుక తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

అమ్మకు మాట వచ్చిందని భర్త ఏడుస్తున్నాడు, ఇంకోసారి మాట్లాడమని బతిమాలుతున్నాడు. ఆవిడ కొడుకు వైపు చూడలేదు. ఆవిడ కళ్ళు కోడలి గొంతు మీదే ఉన్నాయి. అక్కడ కదులుతున్నదాని వెంట నెమ్మదిగా పైకి వస్తున్నాయి.