ఏడిపించి తీసిన చుక్క

పిల్లాడి ఎడమ అరికాలి మీద చూపుడువేలితో నాలుగు చిటికెలు వేశాడు చుక్కమేస్త్రి పెద్దింట్లు. ఐదోదానికి వాడి మొహం ముడుచుకుపోయింది. ఆరోదానికి కేరుమన్నాడు. పెద్దింట్లు చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ వైపు చూస్తూ మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి నుంచి రెండొందల నలభై దాకా. తల్లి పిల్లాణ్ణి ఎత్తుకోబోతే తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

రెండొందల నలభై. మడమ గుచ్చాడు. నెత్తుటి చుక్క, బల్ల మీదున్న లెక్కపెట్టె చాచిన రేకునాలుక మీద పడింది.

"పదహారు వందల ఇరవై," అంది పెట్టె. పచ్చదీపం వెలిగింది.

"ఇంక ఎత్తుకో," అన్నాడు పెద్దింట్లు.

లంకల్లో ఇళ్లన్నీ స్తంభాల మీదికెక్కి ముప్పై ఏళ్లయింది. కింద ఉప్పునీళ్లు, పైన ఉక్క. జ్వరాల ఏడు తరవాత పెట్టిన కట్టుబాటు ప్రకారం, నాలుగో నెల నిండిన ప్రతి బిడ్డనీ చుక్కగదికి తేవాలి. కాపుగాసే తెల్లకణాలు పదిహేను వందలుంటే పచ్చదీపం. ఒక్కటి తగ్గినా ఎర్రదీపం, ఎర్రచీటీ, రేవులో చలువమేడ పడవ. బిడ్డ నలభై రోజులు చలువమేడలో అద్దాల ఉయ్యాల్లో ఉంటుంది. తల్లికి లోపలికి అడుగుపెట్టే వీల్లేదు.

పదకొండేళ్ల కిందట పెట్టె తడిసి, ఒకే బిడ్డకు రెండుసార్లు చుక్క తీయాల్సివచ్చింది. పొద్దున నిద్రలో తీస్తే వెయ్యీ ఎనభై వచ్చింది. మధ్యాహ్నం గుక్కపట్టి ఏడుస్తుండగా తీస్తే పదిహేను వందల అరవై. ఏడ్చినప్పుడు నాళాల గోడలకు అంటుకున్న కణాలు ఊడి నెత్తుట్లో కలుస్తాయన్న సంగతి పెద్దింట్లుకు తరవాతెప్పుడో తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒక్కటే, ఏడిస్తే ఎక్కుతుందని. మిగతా తొమ్మిది గదుల చుక్కమేస్త్రులకీ నోటిమాటగా చెప్పాడు. అప్పట్నుంచి లంకల్లో ఎర్రదీపం అరుదైపోయింది. తల్లులే గుమ్మంలో నిలబడి, "కాస్త గట్టిగా ఏడిపించు బాబాయ్," అనేవారు.

పన్నెండింటికి గోడ మీద అద్దం వెలిగింది. ఎన్ని కణాలుండాలో గీత గీసే పట్టీ కార్యాలయం డాక్టరు హైమవతి.

"పెద్దింట్లుగారూ, మీ ఆరో అర్జీ చూశాను. లంకల పిల్లలకు వేరే పట్టీ కావాలన్నారు."

"ఆయ్. ఇక్కడి పిల్లలకి ఆ కణాలు పుట్టుకతోనే తక్కువండి. తక్కువున్నా దుక్కల్లా ఉంటారు. ఆ పదిహేను వందలన్నది ఎక్కడి పిల్లల్ని చూసి కట్టారండి?"

"మొదట చలిదేశాల పిల్లల్ని చూసే. కానీ పదకొండేళ్లుగా మీ పది గదుల లెక్కలతోనే సరిచూస్తున్నాం. నూటికి తొంభై ఏడుమంది దాటుతున్నారు. తప్పు కొలత ఒక్కటీ లేదు. మీది అన్నిటికన్నా శుభ్రమైన లెక్క. ఒక్క గది లెక్క తప్పని తేలినా పట్టీ ఆపేసి పది గదుల్నీ అడగాలి, అది నియమం. ఆ అవసరమే రాలేదు."

పెద్దింట్లు చూపుడువేలు పిడికిట్లోకి ముడుచుకున్నాడు.

"మీ పిల్లలు పదిహేను వందలు సులువుగా దాటుతున్నారు కాబట్టి," అంది డాక్టరు, "గీత కొంచెం పెంచాం. ఈ పూట నుంచి పద్దెనిమిది వందలు."

అద్దం ఆరిపోయింది.

పెద్దింట్లు అర్జీల నకళ్లు బల్ల మీద పరిచాడు. ఆరు అర్జీలు రాయించాడు. ఒక్కోదానికి జవాబు రావడానికి ఏడాది పట్టేది. అర్జీ ఒక చేత్తో పంపుతూ, అది అబద్ధమని చెప్పే లెక్కలు రెండో చేత్తో పదకొండేళ్లు తనే పంపాడు. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు, బల్లకేమీ కాలేదు.

"రావచ్చా బాబాయ్?"

లోవకుమారి. వలలల్లే వీరాస్వామి కోడలు. భుజం మీద నాలుగు నెలల ఆడపిల్ల. మూడేళ్ల కిందట ఈమె కొడుక్కి ఎంత ఏడిపించినా పదిహేను వందలు రాలేదు. నలభై రోజుల తరవాత మేడ నుంచి వచ్చిన బిడ్డ తల్లి రొమ్ము పట్టలేదు. వాడికి ఇప్పటికీ తల్లి ఎత్తుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుందని లంకంతా ఎరుగుదురు.

"గుమ్మంలోకి వినపడింది. గీత పెంచారంట, నిజవేనా?"

"పద్దెనిమిది."

"అమ్మో." ఆమె పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది. "కానీ మరి. ఎంతసేపైనా ఏడిపించు. నేను బయటికి పోను. చూత్తాను."

పెద్దింట్లు చిటికె వేశాడు. పిల్ల కాలు ముడుచుకుని అతని మొహం కేసి చూసింది. రెండో చిటికెకు బోసినోరు తెరిచి నవ్వింది. పదో చిటికెకు కిలకిలలాడింది. ఇదేదో ఆట అనుకుంది కాబోలు, రెండో కాలు కూడా చాపింది.

"దీనికి ఏడుపు రాదు బాబాయ్. ఆకలేసినా వేలు చీక్కుంటా పడుకుంటాది. మా మామ దీన్ని జడ్జీగారంటాడు." లోవకుమారి నవ్వబోయి ఆగిపోయింది. "గిల్లు."

గిల్లాడు. పిల్ల పెదవి విరిచింది, ఒక్క కేక పెట్టింది, దీపం కేసి చూసి మర్చిపోయింది.

"ఇంకా గట్టిగా గిల్లు. తొడ మీద. కందినా పర్లేదు, నేను కొబ్బరినూనె రాత్తాను."

పద్దెనిమిది వందలకు ఎంతసేపు ఏడవాలో అతనికి తెలుసు. అరగంట. గుక్క తిరగాలి, ఒళ్లు నీలం తిరగాలి. వచ్చే ఏడాది ఆ లెక్కలు చూసి రెండు వేలంటారు. అప్పుడు వాతలు పెట్టాలేమో. అతని వేళ్లు పిల్ల తొడ దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయాయి. పిల్ల ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

"నా వల్ల కాదమ్మా."

"నీ వల్ల కాకపోతే నేనే గిల్లుతాను." లోవకుమారి ముందుకొచ్చింది. వంగింది. పిల్ల తల్లిని చూసి రెండు చేతులూ చాపింది. ఆమె చెయ్యి లేవలేదు. పిల్లను ఎత్తుకుని గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేలా ఏడ్చింది. కాసేపటికి మూలనున్న పీట మీద కూర్చుని పాలిచ్చింది.

"ఇప్పుడు తియ్యి," అంది. "ఎంతొత్తే అంత రానియ్."

"నేను ఇన్నాళ్లు చేసింది కూడా చెప్పేస్తాను. ఏడిపించి తీశానని."

"చెప్తే పిల్లని వదిలేత్తారా?"

"తెలీదు. పడవెక్కించినా ఎక్కిస్తారు."

లోవకుమారి పిల్ల నుదుటి మీద చెమట తుడిచింది. "చెప్పు," అంది. "నా కొడుకప్పుడే చెప్పాల్సింది."

పెద్దింట్లు సూది తుడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని, పాలు తాగుతున్న పిల్ల మడమ గుచ్చాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి మళ్లీ తాగింది.

"వెయ్యీ నలభై," అంది పెట్టె. ఎర్రదీపం వెలిగింది. కింద చీలికలోంచి ఎర్రచీటీ బయటికి రావడం మొదలుపెట్టింది. "కొలత తీసిన తీరులో లోపం ఉందా?"

ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ అది అడిగే ప్రశ్నే. లేదంటే చీటీ పూర్తిగా వస్తుంది.

"దీన్లో లేదు. ముందువాటిలో ఉంది."

"ఏ కొలతలో?"

"అన్నిట్లోనూ."

"లోపం చెప్పండి."

"పిల్లల్ని ఏడిపించి తీశాను. కావాలనే."

"ఎన్ని?"

"నాలుగు వేల మూడొందల పన్నెండు. నీ దగ్గరే ఉంది, చూసుకో."

ఎర్రచీటీ సగం బయటికి వచ్చి అలాగే ఉండిపోయింది. ఎర్రదీపం ఆరింది. పచ్చది వెలగలేదు.

రేవులోంచి పడవ మనిషి గుమ్మంలోకి తొంగిచూశాడు. "ఎర్రదీపం కనపడిందండి. చీటీ ఏది?"

"పూర్తిగా రాలేదు," అన్నాడు పెద్దింట్లు.

"చీటీ లేకపోతే నేను ఎక్కించుకోకూడదండి."

"ఎక్కించుకోకు."

అద్దం వెలిగింది. డాక్టరు హైమవతి జుట్టు చెదిరి ఉంది. "పెద్దింట్లుగారూ, ఏం చేశారు మీరు? లంకల పట్టీ మొత్తం ఖాళీ అయిపోయింది ఇక్కడ."

"ఉన్నది చెప్పానండి."

"మీ వేలిముద్ర తీసేస్తారు. రేపట్నుంచి ఆ గది తలుపు మీకు తెరుచుకోదు."

"ఆయ్."

"అది సరే. ఏది మామూలో, ఏది రోగమో ఇప్పుడెలా తెలుస్తుంది? నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. ఆ పిల్ల బాగున్నట్టా, లేనట్టా?"

"రండి," అన్నాడు పెద్దింట్లు. "వచ్చి ఎత్తుకు చూడండి."

ఆమె ఏదో అనబోయింది. ఆమె వెనకాల ఎవరో పిలుస్తున్నారు. అద్దం ఆరిపోయింది.

వెంటనే గదుల మధ్య మాటలకు వేసిన గొట్టంలోంచి ఏడో గది చుక్కమేస్త్రి సింగారావు గొంతు వచ్చింది. వెనక ఎవరో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"బాబాయ్, మా పెట్టె నన్నూ అడుగుతుంది. ఏడిపించి తీశావా అని. మిగతా గదుల్లోనూ అంతేనంట. ఏం చెప్పమంటావ్? ఇక్కడ వరసలో ఎనిమిదిమంది తల్లులున్నారు. నాకు ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు."

పెద్దింట్లు మూల వైపు చూశాడు. లోవకుమారి పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. పిల్ల త్రేన్చింది.

"ఆ ఏడుస్తున్నది బల్ల మీద ఉన్న బిడ్డేనా?"

"అవును. ఇంకా నూట ఇరవై లెక్కపెట్టాలి."

"లెక్క ఆపు," అన్నాడు పెద్దింట్లు. "బిడ్డని తల్లికియ్యి. ఊరుకున్నాక నీకేం తోస్తే అది చెప్పు."

గొట్టంలో సింగారావు ఊపిరి వినిపించింది. తరవాత బల్ల కిర్రుమంది. బిడ్డ ఏడుపు కొంచెం కొంచెంగా తగ్గి, ఆగింది.