నీలం రంగు ట్యాంకు

మొగుడు రాయమల్లు తొందర గురించి చెప్పుకోవాలంటే ఐలవ్వకు ఒక పొద్దు చాలదు. చాయ మరగకముందే దింపేస్తాడు. బనీను ఆరకముందే తొడిగేస్తాడు. బొగ్గుబాయి నుంచి రిటైరై ఏళ్లు గడిచినా, మొదటి షిఫ్టు సైరను కంటే ముందే లేచి ఇంటిల్లిపాదినీ లేపుతాడు.

"ఈ మనిషి పుట్టుడే నెల ముందు పుట్టిండట. ఇగ ఆగుమంటే ఆగుతడా?" ఆ ఉదయం కూడా కోడలితో అంది.

యమున నవ్వింది. వీరేందర్ పోయాక ఆ ఇంట్లో అత్త మాటలకే ఎప్పుడైనా కాస్త నవ్వు పుట్టేది.

వీరేందర్ వాళ్లకు ఒక్కడే కొడుకు. గోదావరిఖనిలో బండ్లకు రంగులు వేసేవాడు. చలికాలంలో జ్వరమని దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. కర్మలు కాగానే రాయమల్లు కొడుకు బట్టలు పంచేశాడు, ఫొటోను బీరువాలో పెట్టేశాడు. మిగిలింది మోటారు సైకిలు. దాన్ని కమాన్‌పూర్‌లో తెలిసినవాడు భూపాల్‌కు ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు.

యమున అడ్డు చెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"పెట్రోలు ట్యాంకు మీద రంగు లేచిపోయింది మామా. ఆయన రంగు కొట్టే గన్నుతోనే నేను వేస్త. గట్టిపడినంక ఇద్దువు, వారం ఆగు."

భర్త పక్కన నిలబడి నేర్చుకున్న పని అది. అతని బండిని అతను మెచ్చేలా తన చేత్తో సాగనంపాలని ఆమె కోరిక. రాయమల్లు సరేనన్నాడు.

ఓపెన్‌కాస్టు బొగ్గు గని పేలుళ్ల దుమ్ము లోపలికి రాకుండా యమున వెనక గది కిటికీలకు తడి చీరలు కట్టింది, నేల మీద నీళ్లు చల్లింది. ఖాళీ చేసి బండి నుంచి ఊడదీసిన ట్యాంకుకు నీలం రంగు కొట్టి, అది ఆరాక పైన మెరుపు కోసం లక్కరు కొట్టి, తలుపు మూసింది.

"నన్ను పెండ్లిపిల్లను చేసినప్పుడు గూడ గింత పైలంగ కూసోవెట్టలె," అంది ఐలవ్వ.

వారంలో సగం కూడా గడవలేదు. భూపాల్ ఫోన్ చేస్తే రాయమల్లు ఆ రోజే రమ్మన్నాడు. యమున నల్లా దగ్గరకు వెళ్లగానే ట్యాంకు మీద వేలు పెట్టి చూశాడు. రంగు అంటలేదు గానీ వాసన పోలేదు. కాలనీలో వానాకాలం ఏది ఆరకున్నా బొగ్గు పొయ్యి దగ్గరే పెడతారు. అతనూ వరండాలో పొయ్యి పక్కన పీట వేసి ట్యాంకును దాని మీద నిలబెట్టాడు.

యమున తిరిగొచ్చేసరికి నీలం మీద బుడగలు లేచాయి. పొయ్యి వైపు రంగంతా ముడతలు పడి ముడుచుకుపోయింది.

ఆమె బిందెను చాలా నెమ్మదిగా కింద పెట్టింది.

"వారం ఆగుతనంటివి గదా మామా."

"వేలికి అంటలేదు బిడ్డా. వాసనొస్తుందని జర సెగ చూపిచ్చిన..."

"పైన తోలు కట్టింది, అంతే. లోపలంత పచ్చిగనే ఉంటది. సెగ తగిలితే ఆ తడి ఎటు పోవాలె?" ఇన్ని నెలలుగా ఎన్నడూ లేవని గొంతు లేచింది. "బట్టలు గూడ గట్లనే పంచితివి. ఒక్క అంగీ ఉంచుమంటే ఇనకపోతివి. ఫొటో దాస్తివి. ఏడ్వబోతే ఊకో ఊకో అంటివి. మనల ఎవలు తరుముతున్నరు మామా?"

రాయమల్లు పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దుగూకంగనే నా చెవులు గేటు కాడికి పోతున్నయి బిడ్డా. వాని బండి చప్పుడు ఇనవడ్తది. బండి ఇంట్లనుంచి పోతె ఆ చప్పుడు గూడ పోతదనుకున్న."

"నీకొక్కనికే ఇనవడ్తదా?" అంది ఐలవ్వ.

గేటు చప్పుడైంది. వచ్చింది భూపాల్.

"అరె, ఇదేంది కాకా గిట్లయింది? రంగు ఎవలు వేసిన్రు?"

యమున కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనే అన్నా. థిన్నరు ఎక్కువ కలిపిన. నాకు సరిగ రాదు."

రాయమల్లు కోడలి వంక చూశాడు. ట్యాంకును ఎత్తి, ఇంకా వెచ్చగా ఉన్నదాన్ని పొట్టకు ఆనించుకున్నాడు.

"కాదు భూపాలూ. బిడ్డ మంచిగనే వేసింది, నేనే ఆరనియ్యలె. ఇంట్ల ఆడోళ్లను గూడ సక్కగ ఏడ్వనియ్యలె. బండి ఇగ ఇయ్యను. మాట తప్పిండనుకుంటె అనుకో." అతను కోడలి వైపు తిరిగాడు. "నాదే తప్పు బిడ్డా. నాదే."