సముద్రం వైపు వెళ్ళిన ఉప్పునీళ్ళు

"పెసలు కొత్తవా, పాతవా?"

"నానబెట్టినవి."

కోడ్ కుదిరింది. సూర్యాపేట గింజల మార్కెట్లో ఓ అడ్తి దుకాణం వెనక తలుపు తెరుచుకుంది. 1949 మార్చి నెల, మిట్టమధ్యాహ్నం. లోపల బస్తాల మధ్య కూర్చుని సోడా తాగుతున్న చంద్రమౌళి ఊళ్ళో అందరికీ పెసల దళారి. ఢిల్లీలో ఉన్న ఓ పేరులేని ఆఫీసుకు మాత్రం ఈ ప్రాంతానికంతా చీఫ్.

వచ్చినవాడు ఏజెంట్ రామనర్సయ్య. కవర్: కోదాడ కరోడ్‌గిరి నాకాలో గుమాస్తా. నిజం చెప్పాలంటే అది కవర్ కూడా కాదు. హైదరాబాద్ రాజ్యానికీ మద్రాసు రాజ్యంలోని ఆంధ్రకూ మధ్య సరుకుల మీద సుంకం వసూలు చేసే ఆ గేటు దగ్గర అతను పన్నెండేళ్ళుగా నిజంగానే గుమాస్తా. గూఢచారి అయ్యి ఆరు నెలలైతే ఎక్కువ.

"కూసో. డాక్టర్ యోహాను దేశం దాటుతున్నడు," అన్నాడు చంద్రమౌళి.

రామనర్సయ్య కూర్చోలేదు. ఆ పేరు వింటే అతనికి కూర్చోబుద్ధి కాదు. దానికి కారణం ఉంది.

కిందటి నవంబరులో, పోలీసు చర్య అయిన కొత్తలో, ఎక్కడ వైరు కనబడినా రహస్య రేడియో అని అందరూ ఉలిక్కిపడుతున్న రోజుల్లో, అతను మిర్యాలగూడ వెళ్ళాడు. అక్కడో రైసుమిల్లు వెనక గదిలో ఊదారంగులో వెలుగుతున్న గాజుగొట్టం చూశాడు. దాని చుట్టూ వైర్లు, పక్కనే నీళ్ళ తొట్టి. "శత్రువుల ట్రాన్స్‌మిటర్" అని రిపోర్టు రాశాడు. అది అతని మొదటి రిపోర్టు. చేతిరాత కూడా చాలా అందంగా కుదిరింది.

యోహాను నలభై రోజులు లాకప్‌లో ఉన్నాడు. చివరికి మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరొకడు గొట్టం ముక్కలు చూసి, ఇది రేడియో అయితే మా అమ్మ రోలు కూడా రేడియోనే అని నవ్వాడట. ఈలోగా ఆఫీసు రామనర్సయ్యకు చేతిగడియారం బహుమానం ఇచ్చేసింది. తప్పని తేలాక తిరిగి ఇస్తానంటే, వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదన్నారు. ఆ గడియారం ఇప్పటికీ అతని కుడిచేతికే ఉంది. టైం చూసినప్పుడల్లా అతను చూసేది టైం కాదు.

"ఎందుకు పోతున్నడు సార్?"

"ఒక విదేశీ ముఠా. పైకి మెడికల్ సొసైటీ. మెదడును కరెంటుతోని కంట్రోల్ చేసే టెక్నిక్ ఈయన కనిపెట్టిండు. ఒక అంకె దగ్గర మూర్ఛ ఆగుతది. అంకె జర పెంచితె మనిషి దాచుకున్నదంత కక్కుతడు. ఇంకా పెంచితె సొంత పేరే మర్సిపోతడు. ఆ అంకెలు వాళ్ళకు కావాలె. ఎల్లుండి పొద్దుగాల కారుల కోదాడ మీదికెల్లి బెజవాడ, ఆన్నుంచి బందరు, ఆన్నుంచి ఓడ."

"కాగితాలు పట్టుకుంటె అయిపాయె గద."

"కాగితాలు లేవు. అంత ఆయన తలకాయలనె ఉందంట. ముఠాల ఉన్న మన మనిషి చెప్పింది. పద్మమ్మ."

పద్మమ్మ పేరు రామనర్సయ్య విన్నాడు. ఒకప్పుడు నాటకాల కంపెనీలో రాణి వేషాలు కట్టిన మనిషి. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, నాలుగు భాషలు. ముఠా ఆమెను తన ఏజెంటు అనుకుంటుంది. ఆఫీసు తన డబుల్ ఏజెంటు అనుకుంటుంది.

"సాక్ష్యం లేకుంట రెండోసారి అరెస్టు చెయ్యలేం. మొదటిసారి పంచాయితే ఇంక సల్లారలే," అని చంద్రమౌళి అతని గడియారం వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. "గేటు దాటితె మద్రాసు రాజ్యం. ఆ పోలీసులతోని మాట్లాడేసరికి ఓడ ఎళ్ళిపోతది. అందుకే నాకా మిద్దె మీద తుపాకీతోని మన సక్రును కూసోబెడుతున్న. కారు గేటు దాటంగనె డాక్టర్‌ను కాలుస్తడు. గంతట్ల నువ్వేమన్న సాక్ష్యం పట్టినవా, కుడిచెయ్యి పైకెత్తు. ఆగుతడు, అరెస్టు చేద్దాం."

"సార్, ఆయన పోనీకి కారణం..."

"కారణాలు మనకొద్దు. గొడుగు తీస్కో. పిడిల అద్దముంటది, ఎనక జరిగేది కనబడ్తది. ఆఫీసు కొత్తగ పంపింది."

గూఢచారి గొడుగు చంకలో పెట్టుకుని బయటపడ్డాడు. ఒక మనిషిని అబద్ధంతో లాకప్‌లో వేయించింది తను. ఇప్పుడు ఆ మనిషిని చంపించబోతున్నదీ తనే. మధ్యలో ఉన్నది ఒక్కరోజు.

మర్నాడు పొద్దున పెట్టుడు మీసంతో, ఇంజనాయిల్ డబ్బాతో మిర్యాలగూడ రైసుమిల్లు చేరాడు. డాక్టర్‌తో నిజం చెప్పి కాళ్ళ మీద పడాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. మిల్లు పెరట్లో యోహాను అక్క సుగుణమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎడమచేత్తో ఏరుతోంది. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ళదాకా కాలి, ముడుచుకుపోయి ఉంది.

"అక్కా, చెయ్యికేమైంది?"

"పొయ్యిల పడ్డనయ్యా. నాకు మూర్ఛలొస్తయి. మా తమ్ముడు మిషిన్ పెట్టి రెండేండ్లు ఒక్కసారి రాకుంట ఆపిండు. ఆయన్ను పట్కపోయినంక తొట్ల కరెంటు చేపలు సచ్చినయి, మిషిన్ పలగ్గొట్టిన్రు. పదిహేనో దినం అంబలి కాస్తుంటె వచ్చింది." ఆమె చేట పక్కన పెట్టింది. "ఎవడో తప్పుడు రిపోర్టు రాసిండంట. వాని చెయ్యి పడిపోను అని తిట్టిన. మల్ల తిట్టినందుకు ప్రార్థన చేస్కున్న. నూనె తెచ్చినవా? లోపలికి పో."

కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. అతను లోపలికి పోయాడు.

యోహానుకు ఎవరైనా వింటే చాలు, చెప్పడం సరదా. ఇంజనాయిల్ అమ్మేవాడికి కూడా చెప్పాడు. తొట్టి అడుగున ఇసుకరంగు బల్లపరుపు చేప ఒకటి కదలకుండా పడుంది.

"బందరు సముద్రం చేప. బండోళ్ళను బతిమాలి నాకా దాటించి ఉప్పునీళ్ళతోని సహా తెప్పిచ్చుకుంట. ముట్టుకోకు, చెయ్యి సచ్చుబడ్తది. దాని ఒంట్ల కరెంటు ఒక తాళంల కొడ్తది. మిల్లు ఇంజన్ కరెంటుతోని గదే తాళం ఈ గొట్టంల పుట్టిస్త. లోపలున్న గ్యాసు ఎలుగుతది. మంట గాదు, వట్టి గాలి గాదు. ప్లాస్మా అంటరు. ఆ తాళం నెత్తికి మెల్లగ తాకిస్తె మెదడుల తుఫాను ఆగుతది. చేప బతికుంటెనె తాళం సరిచూసుకోవచ్చు."

"మరి మీరెటో పోతున్నరని..."

"పెద్ద ల్యాబ్ ఇస్తమన్నరు. చేప, మల్ల కట్టిన మిషిన్ అక్క కోసం గీడనె పెట్టి పోతున్న, కంపౌండర్‌కు నేర్పిన." యోహాను గొట్టం తుడుస్తూ ఆగాడు. "ఈడ దీన్ని సూసి రేడియో అన్నరు. ఆడన్న నన్ను డాక్టర్ అంటరేమో."

ఆ రేడియో అన్నది నేనే అని చెప్పాల్సింది అక్కడే. రామనర్సయ్య నోరు తెరిచాడు, నూనె ఎంత పోయమంటారు అని అడిగాడు. తర్వాత ఎన్నోసార్లు తన జీవితంలో అంత పిరికి మాట ఇంకోటి లేదనుకున్నాడు.

తిరిగి వస్తూ గొడుగు పిడి అద్దంలో చూశాడు. పద్మమ్మ వచ్చి తొట్టి దగ్గర నిలబడింది. పట్టుచీర మీద మోచేతుల దాకా ఎర్ర రబ్బరు గ్లౌజులు. ప్రయోగశాలలో ఇవన్నీ మామూలే కాబోలు అనుకుని సాగిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కోదాడ నాకాకు నల్లకారు వచ్చింది. డ్రైవరు, వెనక యోహాను, పక్కన పద్మమ్మ. మిద్దె మీద సక్రు తుపాకీ సర్దుకున్నాడు.

గుమాస్తా సామాను చూడడం రివాజు. డిక్కీలో రెండు పెట్టెలు, ఒక పెద్ద ఊరగాయ జాడీ.

"దాంట్లో ఏముందమ్మా?"

"తాగే నీళ్ళు. ఎండలు గదా," అంది పద్మమ్మ, కళ్ళద్దాలు తీయకుండానే. అతను ఎవరో ఆమెకు తెలుసు. పెదవి చివర చిన్నగా నవ్వింది కూడా.

నాకాలో ద్రవం ఏదైనా సరే వేలు ముంచి నాలుకకు రాసుకోవాలి. నిజాం రోజుల నుంచీ అదే పద్ధతి. సుంకం ఎగ్గొట్టడానికి ఉప్పును నీళ్ళలో కరిగించి తెచ్చే బండివాళ్ళు తక్కువేం కాదు. రామనర్సయ్య అలవాటుగా వేలు ముంచి నాకాడు.

ఉప్పు. ఉప్పొక్కటే కాదు, చివర సన్నటి చేదు, నీచు. సముద్రం.

పన్నెండేళ్ళలో సముద్రపు నీళ్ళు ఈ గేటు లోపలికి రావడం చూశాడు. బయటికి పోవడం ఎన్నడూ చూడలేదు. సముద్రం దగ్గరికి పోయేవాళ్ళు సముద్రపు నీళ్ళు మోసుకుపోవడమేమిటి? ఎర్ర గ్లౌజులు గుర్తొచ్చాయి.

"డాక్టర్‌గారూ, మీ చేప యాడుంది?"

"మియ్యాలగూడల. అక్క కాడ. నీకెట్ల ఎర్క?"

"డ్రైవర్, పోనీ," అంది పద్మమ్మ.

గేటు తాడు పట్టుకున్న జానయ్య ఎప్పటిలాగే తొందరపడ్డాడు. "గేటెత్తేశానండీ," అని కేకేశాడు.

అప్పుడు రామనర్సయ్యకు అంతా అర్థమైంది. అంకెలు డాక్టర్ తలలోనే ఉన్నాయని అబద్ధం చెప్పింది పద్మమ్మ. కాల్చే ఆలోచన పుట్టించిందీ పద్మమ్మే. డాక్టర్ చస్తే ప్రపంచంలో మిగిలేది ఆమె దొంగచాటుగా తీసుకున్న కాపీ ఒక్కటే, దాని ధర పదింతలు. ఆ కాపీకి కాపలా జాడీలో ఎవరూ చెయ్యిపెట్టని చేప. ఆఫీసు తుపాకీ ఆమెకు ఊరికే పని చేసిపెడుతోంది.

కారు కదిలింది. డిక్కీ పట్టుకుని పరుగెత్తుతూనే అతను జాడీలో మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

ఎవరో భుజం మీద రోకలితో మోదినట్టయింది. పళ్ళు కరుచుకుపోయాయి. అయినా వేళ్ళకు ఇత్తడి గొట్టమేదో తగిలింది. రెండో దెబ్బకు కళ్ళముందు ఊదారంగు వెలుగు. దాన్ని రేడియో అనుకోలేదు ఈసారి. గొట్టాన్ని పట్టి బయటికి లాగాడు. మూత ఊడి, మైనం చుట్టిన ఫిలిం రోల్ దుమ్ములో పడింది.

కారు ముందుచక్రాలు గేటు దాటాయి. పైన సక్రు గురిపెట్టాడు.

కుడిచెయ్యి పైకెత్తాలి. లేవలేదు. పక్కన వేలాడుతోంది, అతనిది కానట్టు. వాని చెయ్యి పడిపోను అన్న గొంతు చెవిలో వినిపించింది. ఎడమచేత్తో తన కుడిచేతి మణికట్టు పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు తలపైకి ఎత్తాడు.

తుపాకీ పేలింది. కారు వెనక టైరు కుంగింది. సక్రు గురి మార్చడానికి రెప్పపాటు చాలింది.

పద్మమ్మ నెమ్మదిగా దిగి, కళ్ళద్దాలు తీసి, అతని చెయ్యి వైపు చూసింది. "అడిగితే గ్లౌజులు ఇచ్చేదాన్ని గదా," అంది.

యోహాను ఆమెను చూడలేదు. జాడీలోకి వంగి చేప కదులుతోందో లేదో చూస్తున్నాడు. "దీన్నెందుకు తెచ్చింది? గిది లేకుంటె అక్క ఏం గావాలె?"

"డాక్టర్‌గారూ," అన్నాడు రామనర్సయ్య. నాలుగు నెలలకు మాట వచ్చింది. "నవంబర్ల రిపోర్టు రాసింది నేనే. మీ గొట్టం జూసి. నాకు తెల్వక రాసిన, ఎవర్ని అడగకుంట రాసిన. దానికి ఈ గడియారం ఇచ్చిన్రు."

గడియారంలో నీళ్ళు దూరి ముళ్ళు ఎనిమిదీ పదకొండు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. యోహాను దాన్నొకసారి చూసి, మళ్ళీ జాడీ మీదికి వంగాడు.

"నిన్ను మన్నించిన అని నేననను," అన్నాడు. "గని దీనికి వారం వారం కొత్త ఉప్పునీళ్ళు గావాలె. నాకా దాటించి తెచ్చేటోడు లేక సగం చేపలు సచ్చినయి."

ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం బందరు నీళ్ళ పీపా ఒకటి కోదాడ దాటి మిర్యాలగూడ చేరుతోంది. మోసుకుపోయేది నాకా గుమాస్తానే. పద్మమ్మ లాకప్‌కు పోయింది, ముఠా వాళ్ళు బందరులో దొరికారు, యోహాను ఓడ ఎక్కలేదు. ఆఫీసు అతనికి కొత్త గడియారం పంపింది, అతను కట్టుకోలేదు.

మొదటి శుక్రవారం పీపా దించుతుంటే సుగుణమ్మ ఎడమచేత్తో ఛాయ్ తెచ్చి ఇచ్చింది.

"అక్కా, నేను నీకొక మాట చెప్పాలె. ఆ రిపోర్టు..."

"ఎర్కె. తమ్ముడు చెప్పిండు. ఛాయ్ తాగు, సల్లారుతది." ఆమె గుమ్మంలో నిలబడి, అతను తాగేదాకా కదలలేదు.

అతను ఒక గుక్క తాగాడు. చక్కెర లేదు. చక్కెర వేయాల్సిన చోట గుప్పెడు ఉప్పు ఉంది. పన్నెండేళ్ళుగా నాకాలో ఉప్పు పట్టిన నాలుక అది, ఎన్నడూ పొరబడలేదు.

"ఎట్లుంది?" అంది సుగుణమ్మ.

"మంచిగుందక్కా," అన్నాడు ఏజెంట్ రామనర్సయ్య, కప్పు అడుగుదాకా తాగి.