కదలని పలువరుస

గురువారం సాయంత్రం ఆరు పది. క్లినిక్ అసిస్టెంటు జెబ పళ్ల స్కానర్ కొనకు శుభ్రం చేసిన తొడుగు తగిలించి, కంప్యూటర్ తెరను కుర్చీ వైపు తిప్పింది. కింద చెన్నై వాషర్‌మెన్‌పేట్ వీధిలో బట్టల మూటలు దింపుతున్నారు. ఆటోల హారన్లు మేడ మీది క్లినిక్ దాకా వినిపిస్తున్నాయి. గదిలో ఎప్పటిలాగే లవంగనూనె వాసన.

కుర్చీలో ఆరేళ్ల మధుమిత పెదవులు బిగించుకుని కూర్చుంది. కిందటి నెల డాక్టర్ సింధూరి ఆ పిల్లకు పుచ్చిన పాల దవడపన్ను ఒకటి తీసేసింది. కొత్త పన్ను వచ్చేదాకా ఆ ఖాళీ మూసుకుపోకుండా చిన్న తీగ అమర్చాలి. తీగ కోసం అచ్చు కావాలి. పోయినసారి అచ్చుముద్ద గొంతుకు అడ్డంపడి పిల్ల గిలగిలలాడింది. ఆనాటి నుంచి ఇంట్లో బ్రష్షు కూడా నోట్లో పెట్టనివ్వడం లేదని, గంజి తప్ప ఏమీ తినడం లేదని అవ్వ వాసవాంబ చెప్పింది. మిరపకాయల మండీ ఇంటి మనిషి. కొంగు విదిలిస్తే తుమ్ము వచ్చేట్టుంది.

"వాళ్లమ్మ పోయినంక దీనికి నేను, నాకు ఇది. ఈసారి బెదరగొట్టొద్దు డాక్టరమ్మా," అంది గొంతు తగ్గించి.

ఈసారి ముద్ద బదులు స్కానర్‌తోనే అచ్చు తీస్తామని, ఈ మిషన్ తాకినట్టు కూడా ఉండదని సింధూరి మాట ఇచ్చింది.

పిల్లలకు ఏం చేసినా ముందు చేసి చూపించడం ఆ క్లినిక్ పద్ధతి. చూపించడానికి వాడే రబ్బరు బొమ్మ చిరిగిపోయింది. అందుకని జెబ పాత డాక్టరు వదిలిపోయిన బీరువాలోంచి ఏదో పిల్ల పళ్ల సుద్ద అచ్చు తీసింది. దాని మీది పేరు చెరిగిపోయింది. స్కానర్‌ను అచ్చు మీద తిప్పుతుంటే తెర మీద తెల్లటి పలువరుస లేచింది.

"చూసినావా కన్నా, టార్చిలైటు మాదిరే. అంతే."

మధుమిత నవ్వింది. నోరు తెరిచింది.

స్కానర్ వందల బొమ్మలు తీసి ఒకటిగా కుడుతుంది. నోట్లో కదిలేవాటిని, అంటే నాలుకను, బుగ్గను, డాక్టరు వేలిని, తుడిచేస్తుంది. కదలనివాటినే ఉంచుకుంటుంది.

సింధూరి ఎడమ దవడ నుంచి మొదలుపెట్టింది. ఖాళీ దగ్గరికి రాగానే తెర మీద అక్కడ ఒక పన్ను కనిపించింది. నోట్లోకి చూసింది. పన్ను లేదు. మరుక్షణం సంగతి అర్థమైంది. జెబ సుద్ద అచ్చు ఫైలు మూయకుండానే స్కానర్ చేతికిచ్చింది. సింధూరి మెల్లగా చీవాట్లు పెట్టింది. జెబ నాలుక కరుచుకుని ఆ ఫైలు తుడిచేసి కొత్తది తెరిచింది.

మళ్లీ ఖాళీ. మళ్లీ అక్కడ పన్ను.

దాని పక్కన ఇంకొకటి... ఆ పక్కన ఇంకొకటి. మధుమిత పళ్లకు లోపల, నాలుక ఉండాల్సిన చోట, ఒక పలువరుస మొత్తం.

సుద్ద అయితే తెల్లగా కనబడాలి. ఈ చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి. తడిగా ఉన్నాయి.

వీధిలో హారన్లు వినిపించడం లేదని సింధూరికి అప్పుడు తెలిసింది. లవంగనూనె వాసన కింద తడిసిన సుద్ద వాసన...

తెర మీద మధుమిత పన్ను ఒకటి మాయమైంది. తర్వాత దాని పక్కది. కదిలేవాటిని తుడిచినట్టే స్కానర్ వాటిని తుడిచేస్తోంది. లోపలి వరుస మాత్రం అలాగే ఉంది.

సింధూరి స్కానర్‌ను నోట్లోంచి లాగేసింది. కొన గాలిలో ఉంది. తెర మీద బొమ్మ ఆగలేదు. గొంతు వైపు పెరుగుతోంది...

"నోరు మూసుకో, కన్నా," అంది సింధూరి.

మధుమిత మూయలేదు. కళ్లు తెర మీదే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. నాలుకా కదల్లేదు. తెరిచిన నోట్లోంచే మాట వచ్చింది.

"ఇంకొంచెం ఉంది."

జెబ ప్లగ్గు పీకేసింది.

తెర నల్లబడింది. హారన్లు తిరిగి వినిపించాయి. పిల్ల నోరు మూసుకుని గుటక వేసింది, కుర్చీ దిగింది. సింధూరి మళ్లీ నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. ఖాళీ ఖాళీగానే ఉంది. మిగతా పళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కుర్చీ వెనక నిలబడ్డ వాసవాంబకు మనవరాలి జడలు తప్ప ఏమీ కనబడలేదు. కళ్లొత్తుకుంది. "పావం, ఏడవనే లేదు చూడు," అంది.

ఆ స్కాన్‌ను సింధూరి వాడలేదు. వేరే యంత్రం మీద చూపిద్దామని, ఎక్స్‌రే కోసం వాళ్లను మైలాపూరులో స్నేహితుడు శివరామ్ దగ్గరికి పంపింది. ఈలోగా వాసవాంబ సంతోషంగా ఫోన్ చేసింది. పిల్ల పెట్టిందల్లా తింటోందట. బ్రష్షు చూపించకముందే నోరు తెరుస్తోందట. తెరిచిన నోరు మూయమంటేనే మూస్తోందట.

మంగళవారం మధ్యాహ్నం శివరామ్ ఫోన్ చేశాడు. నీ పేషెంటు చిన్నపిల్లలా ఉండిపోదామనుకుంటోందా ఏంటని ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. ఆ వయసులో పాలపళ్ల కింద దవడలో శాశ్వత దంతాల మొగ్గలు కనబడాలి. ఈ పిల్లకు పైన గాని కింద గాని ఒక్కటీ లేదు. పుట్టుకతోనే లేనట్టుంది, నువ్వు ముందు గమనించలేదా అని అడిగాడు.

సింధూరి కంప్యూటర్ ముందు కూర్చుంది. కిందటి నెల పన్ను పీకేముందు తాను స్వయంగా తీసిన ఎక్స్‌రే తెరిచి చూస్తోంది.

అందులో మొగ్గలన్నీ ఉన్నాయి.