ఆగ్నేయం మూల

పల్నాటిలో ఇప్పుడు ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు గోడల వంకా గదుల వంకా చూడరు. నేల కింద ఎంత చల్లదనం ఉందని అడుగుతారు. 2090లు దాటాక ఎండ యాభై నాలుగు డిగ్రీలకు తగ్గడం లేదాయె, అడగక చేసేదేముంది? పగటిపూట బయట తిరగడం మానేసి రెండు తరాలైంది.

ఆ చల్లదనాన్ని ఇంట్లోకి తెచ్చే ఏర్పాటు వకుళ కనిపెట్టింది. భూశ్వాస అని పేరు పెట్టింది. ఇంటికి రెండు లోతు బావులుంటాయి. చల్లబావి నీరు గోడల్లోని గొట్టాల్లో తిరిగి ఇంటి వేడిని పీల్చుకుంటుంది. హీట్ పంప్ ఆ వేడిని వేడిబావి చుట్టూ ఉన్న రాతిలోకి నెట్టి దాచిపెడుతుంది. చలికాలం రాత్రుళ్లు అదే వేడి పైకొచ్చి ఇంటిని వెచ్చగా ఉంచుతుంది. ఇదంతా చూసుకునే యంత్రబుద్ధి పేరు నేలమాట. ఇంట్లో ఎక్కడ నిలబడి పిలిచినా పలుకుతుంది.

ఈ బావులతో తాను ప్లాను వేసిన కాలనీలోనే వకుళ కూడా కొత్త ఇల్లు కట్టుకుంది, భర్త పరాంకుశం కోసం. రాత్రి మొదలై తెల్లారినా ఆగని రోడ్ల పనిలో వడదెబ్బ తగిలి అతను బతికి బయటపడ్డాడు గానీ, ఒంటికి చెమట పట్టడం పోయింది. ఇంట్లో ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. గృహప్రవేశం నాడు అతను హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆమెకు కడుపు నిండిపోయింది.

మూడో వేసవిలో ఇల్లు వేడెక్కడం మొదలైంది. పంపులో లోపం ఉందేమోనని వకుళ అడిగింది.

"లోపమేమీ లేదు. మీ చల్లబావే వేడెక్కింది," అంది నేలమాట. "ఉత్తరం పక్క శివన్నారాయణగారి వేడిబావి దాన్ని ఆనుకునే ఉంది."

వకుళ కాలనీ ప్లాను తీసి చూసింది. మొదట ఆమె వేసిన ప్లానులో వేడిబావులన్నీ కాలనీ అవతల బీడులో ఉండేవి. కొనేవాళ్లు ఒప్పుకోలేదు. నీళ్ల బావి ఈశాన్యంలోనే ఉండాలి, వేడి అంటే అగ్ని కాబట్టి అది ఆగ్నేయంలోనే ఉండాలని పట్టుబట్టారు. పోనీలెమ్మని ఆమె ప్లాను మార్చేసింది. ఇళ్లన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వరుసలో ఉంటే, ఒకరి ఆగ్నేయం పక్కవారి ఈశాన్యానికి తగులుతుందని అంత చదువుకున్న మనిషికీ తట్టలేదు. చలికాలాలు కురచైపోయి, దాచిన వేడి తరగక, పక్కింటివైపు పాకింది.

వేడిబావిని బీడులోకి మార్చుకోమని ఆమె వెళ్లి అడిగితే శివన్నారాయణ కాఫీ ఇచ్చి మరీ కాదన్నాడు. ఆగ్నేయం కదిపితే ఇంటి ఆడవాళ్లకు అరిష్టమట. ఆమె లేచి వస్తుంటే మాత్రం మెల్లగా అడిగాడు.

"మరి మీ వేడి ఎటు పోతోందమ్మా?"

దక్షిణం పక్క చామంతి బావిలోకి. ఆమె చంటిబిడ్డ తల్లి. ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రానందుకు వకుళ సిగ్గుపడింది.

పట్టుదలగా కూర్చుని విరుగుడు కనిపెట్టింది. ఎవరి మూలలూ కదపక్కర్లేదు. బావులన్నిటినీ భూమిలోపలే కలిపి, ఉన్న చల్లదనాన్ని అందరికీ సమంగా పంచడమే. ప్రతి ఇంటికీ ఇరవై ఆరు డిగ్రీలు వస్తాయి. పరాంకుశానికీ సరిపోతుంది, చంటిబిడ్డకూ సరిపోతుంది. కాలనీ సమావేశంలో శివన్నారాయణతో సహా అందరూ చేతులెత్తి చప్పట్లు కొట్టారు. చామంతి కళ్లు తుడుచుకుంది.

తీరా పంపకం మొదలుపెట్టబోతుంటే నేలమాట ఆగింది. సమావేశం నుంచి ఇళ్లకు వెళ్లాక ఒక్కొక్కరూ తనతో విడిగా మాట్లాడారని చెప్పింది. తమ ఇంటికి మాత్రం ఇరవై రెండు ఉంచమన్నారట. ఒకరింట్లో గుండెజబ్బు, ఒకరింట్లో పరీక్షలు, అడిగినవాళ్లందరికీ ఏదో ఒక కారణం ఉంది.

"సిగ్గులేని మనుషులు," అంది వకుళ. "అన్నీ రద్దు చెయ్యి."

"చేస్తాను. అందరికీ ఇరవై ఆరే వస్తుంది. మీకూ అంతే."

వకుళ పక్కగదిలోకి చూసింది. పరాంకుశం నిద్రపోతున్నాడు. ఇరవై ఆరుకూ ఇరవై ఎనిమిదికీ మధ్య ఉన్నది రెండే డిగ్రీలు. పంపు ఒక్క పూట మొరాయిస్తే? లెక్క ప్రకారం భయం లేదని ఆమెకు తెలుసు. ఆ లెక్క వేసింది ఆమే. అయినా వెళ్లి అతని నుదురు తాకి చూసింది.

"ఆగు. రద్దు చెయ్యకు. మాకూ ఇరవై రెండే పెట్టు."

"అలాగైతే చామంతిగారి ఇంట్లో ముప్పై ఆరవుతుంది. ఏమీ అడగనిది ఆవిడొక్కరే."



"పెట్టు," అంది వకుళ.

మర్నాడు మధ్యాహ్నం చామంతి బిడ్డనెత్తుకుని వచ్చింది. తల్లీబిడ్డల ముఖాలు కందిపోయి ఉన్నాయి. వకుళ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

"కాసేపుండి పోతానక్కా," అంది చామంతి. "నీ ప్రయత్నం నువ్వు చేశావు. భూమే సహకరించకపోతే నువ్వేం చేస్తావు? మాకోసం ఇంత తపించినదానివి నువ్వొక్కదానివే."

వకుళ ఆమెకు ఇంకో గ్లాసు నీళ్లిచ్చి, చల్లదనం బయటికి పోతుందని తలుపు వేసింది.