కొంగ గెలుస్తాడా?

ఆమె అతన్ని మొదటిసారి చూసినప్పుడు అతను నీళ్లలో పడుతున్నాడు.

కాలేజీ గ్రౌండ్‌లో, సన్నగా చినుకులు పడుతున్న ఒక సాయంత్రం. అడ్డుకొయ్యలు దూకుతూ పరిగెత్తే స్టీపుల్‌చేజ్ పందెం కోసం తవ్విన నీళ్ల గుంట పక్కన, సిమెంటు మెట్ల మీద కూర్చుని ఆమె స్టాటిస్టిక్స్ పరీక్షకి చదువుకుంటోంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పుస్తకం. పొడుగాటి కాళ్లవాడొకడు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, గుంట ముందున్న కొయ్య అడ్డు మీద కాలు మోపి, అక్కడ ఏదో ఆలోచనలో పడ్డట్టు ఒక్క క్షణం ఆగి, నిలువునా నీళ్లలోకి జారాడు.

గొడుగు వాననైతే ఆపగలిగింది కానీ అతన్ని ఆపలేకపోయింది. పుస్తకం, సంచి, ఆమె, అన్నీ తడిసి ముద్దయ్యాయి.

“సారీ అండీ,” అన్నాడు నీళ్లలో నిలబడి. “దూకేద్దామనే అనుకున్నాను.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“అనుకోవడం ఇంకాస్త ముందు మొదలుపెట్టండి. అడ్డు మీదకెక్కాక అనుకుంటే ఇలాగే ఉంటుంది.”

అతను మొహం తుడుచుకుని ఆమెని ఎగాదిగా చూశాడు. “మీరు పరిగెడతారా?”

“లేదు. చూస్తాను.”

“చూసి?”

“ఎక్కడ తప్పో చెబుతాను.”

“అయితే రేపు కూడా రండి. నా దగ్గర చాలా ఉన్నాయి.”

ఆమె వెళ్లింది. మర్నాడూ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్లింది. రోజూ ఆ గ్రౌండ్‌కెందుకని స్నేహితురాళ్లు ఆరా తీస్తే, అక్కడ గాలి బాగుంటుందని చెప్పేది.

ఆ కాళ్లు చూసి గ్రౌండ్‌లో అందరూ అతన్ని కొంగ అనేవాళ్లు. ఆమె తీర్పులు విని అతను ఆమెకి జడ్జిగారని పేరు పెట్టాడు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’గా ఎప్పుడు మారిందో ఇద్దరికీ గుర్తులేదు.

“ఇవాళ ఒక్క మంచిమాట చెప్పు జడ్జిగారూ.”

“తల దువ్వుకున్నావు.”

“అది పరుగు గురించి కాదుగా.”

“పరుగు గురించి కావాలంటే రేపు అడుగు.”

ఆమె నాన్న సిటీ బస్సు నడిపేవాడు. చీకటిపడే వేళకి ఆ బస్సు గ్రౌండ్ గేటు ముందు ఆగేది. ఇద్దరూ ఎక్కి ముందు సీట్లో కూర్చుంటే ఆయన పైన ఉన్న అద్దంలోంచి చూసి, “మధ్యలో కాస్త చోటు వదలండి, ఎవరైనా ఎక్కుతారేమో,” అనేవాడు. ఆ వేళప్పుడు ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. తడి బూట్ల వాసన, కిటికీ అద్దాల మీద జారే చినుకులు, నాన్న గేరు మార్చినప్పుడల్లా బస్సంతా ఒకసారి దగ్గినట్టు కదలడం. తర్వాతి రోజుల్లో ఆమె ఎన్నో ఊళ్లు తిరిగి ఎన్నో స్టేడియాలు చూసింది. కానీ కళ్లు మూసుకుంటే ఎదురొచ్చేది ఆ ముందు సీటే.

చదువయ్యాక ఆమెకి ఒక పత్రికలో, ఆటల పేజీలో ఉద్యోగం వచ్చింది. పెద్ద పోటీల ముందు ఎవరికెంత అవకాశముందో అంచనా వేసి రాయడం ఆమె పని. మొదటి వ్యాసానికే అతని పరుగు తగిలింది. అతనికి మూడో స్థానం వస్తుందని రాసింది.

మూడో స్థానమే వచ్చింది.

“నీకు నామీద నమ్మకం లేదు,” అన్నాడతను స్టేడియం బయట, పతకం జేబులో కుక్కుకుంటూ.

“నమ్మకం వేరు, అంచనా వేరు.”

“నాకు ఆ తేడా తెలీదు.”

“అయితే తెలుసుకో.”

అంతే. ఆ నెలలోనే అతన్ని దూరంలో ఉన్న శిక్షణ శిబిరానికి తీసుకెళ్లారు. ముందు ఎవరు ఫోన్ చేస్తారా అని ఇద్దరూ ఎదురుచూశారు. బెట్టు చేయడంలో మాత్రం ఎవరికెవరూ తీసిపోలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఈలోగా కొంగ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నడుమ ఒకసారి రేసులో గుంపు మధ్య తట్టుకుని పడి, చీలమండ విరిగి, ఏడాది పాటు మంచం పట్టాడు. లేచాక, ఆ సీజన్‌లో దిగిన ప్రతి రేసూ గెలిచాడు.

“ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి అతని ఛాన్సులెలా ఉన్నాయో అరపేజీ రాయమ్మా,” అన్నాడు ఎడిటర్. “అందరూ గోల్డ్ అంటున్నారు. మనం కూడా అనేస్తే ఓ పనైపోతుంది.”

“చూసి చెబుతానండి.”

“ఇందులో చూడ్డానికేముంది?”

ఆమె మూల టేబుల్ దగ్గర కూర్చుని ఆ సీజన్ వీడియోలన్నీ వేసుకుంది. కాసేపటికి తనేం చేస్తోందో తనకే తెలిసొచ్చింది. రేసు అయిపోయాక అతను మోచేత్తో మొహం తుడుచుకునే చోటుని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూస్తోంది. ‘ఇది ఆఫీసు టైము,’ అని తనని తనే కసురుకుని మొదటి నుంచి పెట్టింది. అప్పుడు కనబడింది అసలు సంగతి.

ప్రతి మలుపులోనూ అతను బయటి వైపే పరిగెడుతున్నాడు. లోపలి గీతకి దగ్గరగా ఉంటే దూరం తగ్గుతుంది. అతను మాత్రం ఎవరూ పక్కన లేని చోటు వెతుక్కుని, కావాలని ఎక్కువ దూరం తిరిగి వస్తున్నాడు. చిన్న పోటీల్లో అతని కాళ్లు ఆ నష్టాన్ని పూడ్చేశాయి. ఛాంపియన్‌షిప్‌లో, అంత గట్టివాళ్ల మధ్య, అది కుదిరే పని కాదు.

అతను పాత కాలేజీ గ్రౌండ్‌లోనే సాధన చేస్తున్నాడని తెలిసి ఆమె అక్కడికి వెళ్లింది. ముసురు పట్టి ఉంది. మెట్లకి కొత్త రంగు వేశారు కానీ అంచులు పగిలిన చోట పాత సిమెంటు బయటపడుతూనే ఉంది. కాలేజీ రోజుల నాటి కోచ్ ఆమెని గుర్తుపట్టి, “ఇంకా తప్పులు వెతుకుతూనే ఉన్నావా?” అని నవ్వి, టీ వంక పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

“జడ్జిగారు పాత కోర్టుకి తిరిగొచ్చినట్టున్నారే,” అన్నాడు అతను దగ్గరికొచ్చి. చెవుల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. మిగతాదంతా అదే.

“నువ్వు మలుపుల్లో బయటికి పోతున్నావు,” అంది ఆమె. ఎలా ఉన్నావని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది.

“అది నా ప్లాన్.”

“కోచ్‌గారు చెప్పారా?”

అతను వంగి చీలమండ తడుముకున్నాడు.

“పడ్డ దగ్గర్నుంచి కదూ?”

అతను మెట్టు మీద కూర్చున్నాడు. బూటు లేసు విప్పి మళ్లీ కట్టాడు. “పక్కన ఎవరైనా ఉంటే, వెనక నుంచి తోసేస్తారనే అనిపిస్తుంది. నిద్రలో కూడా ఉలిక్కిపడి లేస్తాను,” అన్నాడు నెమ్మదిగా. “ఇది ఎవరికీ చెప్పలేదు.”

“ఉలిక్కిపడి లేస్తావన్నది నేనూ ఎవరికీ చెప్పను. కానీ బయటికి పోతున్నావన్నది రాస్తాను. రాసే ముందు నీకు చెబుదామని వచ్చాను.”

“నాతో పోటీపడేవాళ్లు కూడా చదువుతారు.”

“చదువుతారు.”

“అయినా రాస్తావా?”

“నీ గురించి అబద్ధం రాయలేను.”

“వేరేవాళ్ల గురించైతే రాస్తావా?”

“వాళ్ల గురించీ రాయను. కాకపోతే ఇంత బాధుండదు.”

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుని వానని చూడటం మొదలుపెట్టింది. వాన కూడా ఇబ్బంది పడ్డట్టు కాస్త తగ్గింది.

“ఇంతకీ ఎన్నో స్థానం ఇస్తున్నావు?”

“రెండు.”

“ప్రమోషనే,” అని లేచి ట్రాక్ మీదకి వెళ్లిపోయాడు.

వ్యాసం వచ్చిన రోజున పత్రిక ఆఫీసు ఫోను ఊపిరాడకుండా మోగింది. ఆవిడకి ఏం తెలుసని కొందరు, మనవాడి మీద ఇంత కక్షేమిటని కొందరు. ఇంట్లో నాన్న కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“రెండేనా తల్లీ?”

“ఇలా పరిగెడితే రెండే నాన్నా.”

“ఇంకోలా పరిగెడితే?”

“అది నేను రాసేది కాదు. అతను చేయాల్సింది.”

నాన్న పత్రిక మడిచి, ఆమె తల మీద చేయి వేసి, ఇంకేమీ అడగకుండా డ్యూటీకి వెళ్లాడు.

ఫైనల్ రోజు స్టేడియం కిక్కిరిసిపోయింది. తుపాకీ పేలగానే కొంగ ఎప్పట్లాగే బయటికి జరిగాడు. ప్రెస్ గ్యాలరీలో పక్క కుర్చీ విలేకరి, “మీరు రాసినట్టే పరిగెడుతున్నాడండీ,” అన్నాడు మెచ్చుకోలుగా. ఆమెకి ఆ విలేకరి మీద పట్టరాని కోపం వచ్చింది.

సగం దూరం అయ్యాక, ఒక మలుపు మొదట్లో, ఆ పొడుగాటి కాళ్లు ఒక అడుగు లోపలికి పడ్డాయి. ఇంకో అడుగు. అతను గుంపు మధ్యలోకి వచ్చేశాడు. ముందు ఒకడు, పక్కన ఒకడు, వెనక ఊపిరి తగిలేంత దగ్గర్లో ఇంకొకడు. ఎవరిదో మోచేయి తగిలి అతను తూలాడు. ముందున్నవాడి వీపు మీద అరచేయి ఆనించి నిలదొక్కుకున్నాడు. తన కుర్చీ వెనక్కి పడిపోయిందని కూడా ఆమెకి తెలీలేదు. లేచి నిలబడి ఉంది.

అతను బయటికి పోలేదు. చివరి రౌండు వరకూ ఆ గీతనే పట్టుకుని, నీళ్ల గుంట దాటి, ఆఖరి పరుగులో ఒక్కొక్కరినీ వెనక వదిలేస్తూ, ఛాతీ మందం తేడాతో గెలిచాడు.

ఫోను మోగింది. “నీ అంచనా తప్పిందమ్మా,” అన్నాడు ఎడిటర్.

“అవునండీ,” అంది నవ్వుతూ. “పూర్తిగా తప్పింది.”

“అంత సంతోషంగా చెప్పకమ్మా, నా ఉద్యోగం కూడా పోతుంది.”

విలేకరుల గుంపు చెదిరాక అతను ఆమె దగ్గరికి వచ్చాడు. మోకాలి మీద గీరుకుపోయిన దెబ్బ ఉంది.

“మోచేయి తగిలినప్పుడు నువ్వు కుడికి ఒరిగావు,” అంది ఆమె. “ఎడమకి...” కళ్లు నిండిపోయాయి.

“అప్పట్లో నాకు కోపం వచ్చింది మూడు రాసినందుకు కాదు,” అన్నాడతను. “ఊరందరితో పాటు నేనూ పేపర్లో చదవాల్సి వచ్చిందని. ఈసారి వచ్చి నా ముందు నిలబడి చెప్పావు. లోపలికి జరిగేటప్పుడు భయం పోలేదు. కానీ ఆ సంగతి తెలిసిన మనిషి ఒకరున్నారనిపించింది.”

“ఫోన్ చేయొచ్చుగా ఇన్నాళ్లూ?”

“నువ్వు చేయొచ్చుగా?”

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వులో అన్నేళ్ల బెట్టు కరిగిపోయింది.

“నువ్వు లేకుండా గెలవడం కూడా అలవాటైంది,” అన్నాడు. “బాగోలేదు. పెళ్లి చేసుకుందామా?”

ఆమె తలూపింది. ఈసారి ఏ తప్పూ వెతకలేదు.

మర్నాడు పొద్దున అతను ఇంటికొచ్చి, నాన్న ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

“పెళ్లయ్యాక మా అమ్మాయి నీ గురించి మంచిగా రాస్తుందని ఆశ ఏమైనా ఉందా?”

“లేదు అంకుల్.”

“అయితే నాకేం అభ్యంతరం లేదు. అంకుల్ అనడం మాత్రం మానెయ్. మామయ్యా అను.”

అతను అనబోయి సిగ్గుపడ్డాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమెకి, అతను సిగ్గుపడటం చూడటం అదే మొదటిసారి.

మొగుడి మీద అంచనాలు రాయడం పద్ధతి కాదని ఎడిటర్ ఆ పని కొత్తగా చేరిన విలేకరికి అప్పగించాడు. ఆ విలేకరి ప్రతి రేసుకీ కొంగే గెలుస్తాడని రాస్తాడు. కొంగ పొద్దున్నే అది చదివి, “వీడికేమీ తెలీదు,” అని విసుక్కుని, పత్రిక పక్కన పడేసి, టీ కప్పుతో వచ్చి ఆమె పక్కన కూర్చుంటాడు.

“ఇప్పుడు చెప్పు,” అంటాడు.

ఆమె చెబుతుంది.